రాయుడు అడ్డమొచ్చిన ప్రయాణం

ముహూర్తం ఏడూ నలభై ఎనిమిదికి. అప్పటికే ఏడున్నర అయింది. సామాను లారీ ముందురోజు మధ్యాహ్నమే కదిరి వెళ్లిపోయింది. ఇంట్లో ఇంకా మిగిలినవి రెండు సూట్‌కేసులు, మంచినీళ్ల క్యాను, దద్దోజనం డబ్బా, రెండు పిల్లులు. పిల్లులు మూడు ఉండాలి.

లక్ష్మీసుందరి పెరటి గోడ దగ్గర నిలబడి "రాయుడూ, ఒరే రాయుడూ" అని పిలుస్తోంది. గట్టిగా పిలిస్తే ముందుగదిలో ఉన్న మొగుడికి వినబడుతుంది. మెల్లగా పిలిస్తే రాయుడికి వినబడదు. రెంటికీ మధ్య ఎక్కడో ఒక గొంతు వెతుక్కుని అరగంట నుంచి అవస్థ పడుతోంది.

భర్త వేంకటరమణమూర్తి ముందురోజు రాత్రే తీర్పు చెప్పేశాడు. "ముహూర్తానికి ఏ పిల్లి ఇంట్లో ఉంటే ఆ పిల్లి వస్తుంది. లేని పిల్లి కోసం చక్రం ఆగదు సుందరీ."

ఆయన తొందరలో న్యాయం లేకపోలేదు. మూర్తి చోడవరం ప్రభుత్వ కళాశాలలో ఫిజిక్స్ లెక్చరరు. ప్రిన్సిపాల్ ప్రమోషను కోసం పదకొండేళ్లు కాచుకుని కూర్చున్నాడు. ఆ కాగితం తీరా వచ్చాక విప్పి చూస్తే కదిరి అని ఉంది. దగ్గర దగ్గర తొమ్మిది వందల కిలోమీటర్లు. సోమవారం మధ్యాహ్నంలోగా వెళ్లి చేరకపోతే ఆ కుర్చీ జాబితాలో తర్వాతవాడిది. పోనీ ఆదివారం బయల్దేరదామంటే పడమటికి వారశూల. అందుకని శనివారం. శనివారం పొద్దున్న దుర్ముహూర్తం, తొమ్మిదికి రాహుకాలం. రెంటి మధ్యా వర్జ్యాన్ని కూడా తప్పించుకుంటూ ఆయన చివరికి పట్టుకున్నది ఆ ఏడూ నలభై ఎనిమిది.

ఫిజిక్స్ చెప్పే మనిషికి ఈ పంచాంగం ఏమిటని ఒకే ఒక్క విద్యార్థి ఒకే ఒక్కసారి అడిగాడు. "దాని సిలబస్ వేరు" అని మూర్తి జవాబిచ్చాడు. పరీక్షలో ఆ కుర్రాడికి మార్కులు బాగానే వేశాడు. మనిషి మంచివాడే.

ఇక రాయుడి సంగతి. ఏడేళ్ల ఎర్రని గండుపిల్లి. ఎడమ చెవి సగం లేదు. మిగతా రెండూ, పెసర, మినుము, నిన్నగాక మొన్న పుట్టినవి. పాలు పోసిన చోట పడుంటాయి. రాయుడు అలా కాదు. మూడేళ్ల కిందట లక్ష్మీసుందరి కాలు విరిగి నలభై రోజులు మంచం మీద ఉంటే, చూడటానికి వచ్చినవాళ్లు అరటిపళ్లు పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయారు. రాయుడు మాత్రం మంచం దిగలేదు. ఆ రోజుల్లో వాడి బరువు కాళ్ల మీద పడితే తప్ప ఆమెకు నిద్ర పట్టేది కాదు. వాణ్ణి వదిలేసి కదిరి వెళితే ఆ కొత్తింట్లో తనకు ఒక్కరోజు కూడా మనసు నిలవదని ఆమెకు ఖాయంగా తెలుసు. ఈ ముక్క మొగుడికి చెబితే "పిల్లికోసం అంత ఇదేటి" అంటాడు. చెప్పలేదు.

"ఒగ్గీసెల్లండమ్మా" అంది పక్కవాటాలోంచి ఇల్లుగలావిడ అప్పలనరసమ్మ, చేపలు తోముతున్నది తోముతూనే. "రాయుణ్ణి నాను సూసుకుంతాను. మీరెల్లే ఊర్లో సేపలు దొరుకుతాయో లేదో. ఆడు మీ పెరుగన్నం తిని బతుకుతన్నాడనుకుంతన్నారేటి?"

లక్ష్మీసుందరి అలా అనుకోవడం లేదు. తమ ఇంట పెరుగన్నం తిని, మీసాలు తుడుచుకోకుండానే వాడు పక్కవాటాకి నడుస్తాడని ఆమెకు ఏడేళ్లుగా తెలుసు. సొంతపిల్లి వంటింటి గడప దాటి పరాయి వంటింటికి వెళ్లడం ఎంత చిన్నతనమో చెప్పుకుంటే నవ్వుతారని ఊరుకుంది. ఇప్పుడు మాత్రం ఆవిడ వంటింటి తలుపు సగం మూసి ఉండటం మీద అనుమానం వచ్చింది.

"లోపల గాని ఉన్నాడా?"

"నా ఇంట్లోనా? సూసుకోండమ్మా" అని అప్పలనరసమ్మ చేపముక్క ఎత్తి పట్టుకుంది. దాంతో లక్ష్మీసుందరి వెతకడానికి వెళ్లలేకపోయింది. శాకాహారం పాటించే ఇంటి ఇల్లాలిని గడపలోనే ఆపేసే కిటుకు ఆవిడ వీళ్ల పందొమ్మిదేళ్ల అద్దెవాసంలో బాగా పట్టేసింది.

"సుందరీ, టైమైంది" అని మూర్తి కేకేశాడు.

ఇల్లు తాళం పెట్టారు. తాళంచెవి అప్పలనరసమ్మ చేతికిచ్చారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు పిల్లుల పెట్టెల్లో పెసర, మినుము ఎక్కాయి. రాయుడికి ఏ పెట్టే సరిపోదు గనక వాడికోసం రెండు కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు ఒకదానిమీద ఒకటి బోర్లించి, ప్లాస్టిక్ తాడుతో కట్టేలా తయారుచేసింది. ఆ ఖాళీ ట్రేలను కూడా కారెక్కించింది. మూర్తి చూశాడు. ఆ తర్వాత వాచీ చూసుకున్నాడు. 

డ్రైవరు సత్తిబాబుది చీడికాడ. ఏడు సీట్ల కారు, సీట్లకి కొత్త కవర్లు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తనే పెట్టాడు. సరిగ్గా ఏడూ నలభై ఎనిమిదికి మూర్తి "పోనీ" అన్నాడు. నిమ్మకాయలు చిట్లాయి. కారు గేటు వైపు పది అడుగులు నడిచింది.

సరిగ్గా అప్పుడే అప్పలనరసమ్మ వంటింట్లోంచి రాయుడు బయటికి వచ్చాడు. తొందరేమీ లేదు. మూతి నాక్కుంటూ, కారు ముందునుంచి ఈ వైపు నుంచి ఆ వైపుకు నడిచి, గేటు మధ్యలో కూర్చుని ముందుకాలు కడుక్కోవడం మొదలెట్టాడు.

సత్తిబాబు ఎవరూ చెప్పకుండానే బ్రేకు వేశాడు. ఈ విషయంలో అతనికి ఒకరి ఆర్డరు అక్కర్లేదు.

మూర్తి దిగిపోయాడు. ఎదురు శకునమైతే వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కానీ ఇంటికి తాళం పడింది. ప్రయాణం కట్టి తాళం వేసిన ఇల్లు మళ్లీ తెరవడం ఇంకో దోషం. అందుకని ఆయన అప్పలనరసమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆ చేతుల్ని చూశాడు, గ్లాసు చూశాడు, కళ్లు మూసుకుని తాగేశాడు. ప్రమోషను కోసం మనిషి చేయనిది లేదు.

ఆ ఐదు నిమిషాలూ లక్ష్మీసుందరికి దేవుడిచ్చినవి. కొంగు రాయుడి మీద వేసి, ఎత్తి, ట్రేలో పెట్టి, రెండోది బోర్లించి, తాడు నాలుగు చుట్లు చుట్టేసింది. మూర్తి వచ్చి చూసేసరికి వెనకసీట్లో ట్రేల కంతల్లోంచి రెండు పచ్చని కళ్లు ఆయన్నే చూస్తున్నాయి.

"నువ్వే వదిలేవా వాణ్ణి, కారుకి అడ్డంగా?" అన్నాడు అనుమానంగా.

"నేనెందుకు వదుల్తానండీ. వాడంతట వాడే వచ్చేడు. ఇప్పుడు మూడూ ఉన్నాయి, మరి పదండి" అంది. ఆమెకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

అప్పలనరసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ నీళ్లు ఎవరికోసమో లక్ష్మీసుందరి అడగలేదు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూనే కాగితంలో చుట్టిన ఎండు మెత్తళ్ల చేపల పొట్లం డ్రైవరుకు అందించి "దారిలో ఆడికి ఎయ్యి బాబూ, అయ్యగారికి సెప్పకు" అంది. ఎక్కడ పెట్టాలో తోచక సత్తిబాబు దాన్ని స్టీరింగు ముందు, దేవుడి బొమ్మ పక్కన పెట్టాడు.

కారు ఊరు దాటింది. అనకాపల్లి రోడ్డెక్కింది. చెరుకు సీజను గనక రోడ్డంతా ట్రాక్టర్లు. మూర్తి ముందుసీట్లో కూర్చుని "రాత్రికి ఒంగోల్లో ఆగుదాం, అక్కడికి పది గంటల ప్రయాణం" అని లెక్కలు చెబుతున్నాడు. ఎండ లోపలికి పడుతోంది. ఎండు మెత్తళ్లు వెచ్చబడ్డాయి.

"ఏటిది, కంపు?" అన్నాడు మూర్తి.

అదే సమయానికి రాయుడు కూడా ఆ ప్రశ్నే వేసుకున్నాడు. పళ్లతో తాడు కొరికాడో, గోళ్లతో తెంపాడో ఎవరూ చూడలేదు. పై ట్రే ఎగిరి లక్ష్మీసుందరి ఒళ్లో పడింది. వాడు సీట్ల మధ్యనుంచి ముందుకు దూకి, మూర్తి వైపు నుంచి సత్తిబాబు వైపుకు, అద్దం వెంబడే, దేవుడి బొమ్మని పక్కకి తోసుకుంటూ నడిచి పొట్లం పట్టుకున్నాడు.

కారు మట్టిలోకి దిగి ఆగింది.

"అడ్డమొచ్చింది" అన్నాడు మూర్తి.  "కళ్ల ముందే అడ్డంగా వెళ్లింది. వెనక్కి తిప్పు సత్తిబాబూ."

"మాస్టారూ, అది నా మొకమ్మీంచి ఎల్లింది. రోడ్డు కనపళ్లేదు. సకునం సంగతి తర్వాత సూద్దురుగాని, ముందు పేణాలున్నాయో లేవో సూడండి" అన్నాడు సత్తిబాబు.

"వెనక్కి తిప్పమన్నాను."

వెనక్కి వెళితే ఏమవుతుందో లక్ష్మీసుందరికి అర్థమైంది. గేటు దగ్గర అప్పలనరసమ్మ నిలబడి ఉంటుంది. మూర్తి ట్రేలు దింపి ఆవిడ చేతిలో పెట్టేస్తాడు. రాహుకాలం ముంచుకొస్తోంది గనక వాదించడానికి సమయం కూడా ఉండదు. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పాలి. ఏం చెప్పాలో తెలియక, ఆమె తనకు తెలిసిన ఒక్క చదువునే పట్టుకుంది.

పందొమ్మిదేళ్లు ఆ ఇంటి ముందుగదిలో మూర్తి ట్యూషన్లు చెప్పాడు. పక్కగదిలో ఆమె కూరలు తరిగింది. ప్రతి ఏడాదీ ఆగస్టులో అదే పాఠం, అదే రైలు, ఆ రైల్లో అదే మనిషి.

"ఏవండీ, కదిలే రైల్లో మనిషి ఇటునుంచి అటు నడిస్తే పట్టాలు దాటినట్టా?"

మూర్తి వెనక్కి తిరిగి చూశాడు. "ఏటి?"

"మీరు చెప్పేదే కదా. రైల్లో ఉన్నవాడికి రైలువేగమే ఉంటుందని. రాయుడు మనతోపాటే అనకాపల్లి వైపు వెళ్తన్నాడు. మనకి అడ్డమెక్కడ వచ్చేడు? మనతో వస్తన్నాడు. రోడ్డు దాటిందా పిల్లి? చెప్పండి."

"రోడ్డు దాటలేదు. కానీ అడ్డంగా కొంత వెలాసిటీ..."

"ఉంటే ఉండనీండి. రోడ్డు దాటనిది శకునమెలా అవుతుంది?"

 మూర్తి ఇప్పుడు కాదంటే పాఠం తప్పవుతుంది. అవునంటే శకునం తప్పవుతుంది. కదిరిలో ఆయనకు ఇస్తున్న కుర్చీ పాఠానికి ఇచ్చింది గాని శకునానికి కాదు. చివరికి "రిలేటివ్ మోషన్ కరెక్టే" అన్నాడు.

"అమ్మగారు రైటండి" అని సత్తిబాబు కూడా సంతకం పెట్టాడు.

"కానీ ఒకటి" అని మూర్తి వేలెత్తాడు. "ఇంకొక్కసారి గాని వాడు అడ్డమొచ్చేడంటే, నువ్వే సిద్ధాంతం చెప్పినా సరే, వాణ్ణి అక్కడే దింపేసి వెళ్లిపోతాను. పదకొండేళ్లు సుందరీ. పదకొండేళ్లు చూసేను దీనికోసం."

ఆ చివరి మాట ఆయన కోపంగా అనలేదు.  ఆమె నెమ్మదిగా తలూపి, రాయుణ్ణి మళ్లీ ట్రేలో పెట్టి, తాడు తెగిపోయింది గనక తువ్వాలుతో కట్టింది. మెత్తళ్ల పొట్లం బయట పడేశారు. రాయుడు ఆ అవమానానికి జవాబుగా కొత్త సీటుకవరు తడిపేశాడు.

వాసన తట్టుకోలేక మూర్తి తన వైపు అద్దం పూర్తిగా దించాడు. కథలో ఆయన చేసిన తప్పు ఇదొక్కటే. స్పీడుబ్రేకరు దగ్గర కారు నెమ్మదించింది. తువ్వాలు ముడి ఎప్పుడు వదులైందో తెలియదు. మూర్తి భుజం మీదనుంచి ఒక ఎర్రని బరువు దూకింది, కిటికీలోంచి కింద పడింది, కారు ముందునుంచి చుట్టి, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా దాటి, కుడివైపు చెరుకుతోట గట్టెక్కింది.

ఈసారి రైలు లేదు, అందులో మనిషీ లేడు. అది నిఖార్సుగా రోడ్డు దాటింది.

సత్తిబాబు కారు ఆపేశాడు.  

"దింపేస్తానన్నాను. వాడే దిగిపోయేడు" అన్నాడు మూర్తి. గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు. "పోనీ సత్తిబాబూ."

"ఎలాగండి?" అన్నాడు సత్తిబాబు. "ముందు ఎవులైనా దాటాల గదండి."

అదీ నిజమే. పిల్లి అడ్డం వెళ్లిన గీతను మొదట ఎవరు దాటితే కీడు వాళ్లది. కాసేపు ఓపిక పడితే వేరే బండి ఏదో వస్తుంది, తెలియక దాటేస్తుంది, వెనకవాళ్లు నిశ్చింతగా వెళ్లిపోవచ్చు. చోడవరం చుట్టుపక్కల ఇది తెలియని డ్రైవరు లేడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

వెనక చెరుకు ట్రాక్టరు ఉంది. దాన్ని తోలేవాడి పేరు దాసు. వాడు పిల్లిని చూశాడు. ఇంజను ఆపి, దిగి, టైరుకి ఆనుకుని బీడీ ముట్టించాడు. వాడి వెనక బస్సు. ఎత్తుమీద కూర్చున్న డ్రైవరు అందరికంటే బాగా చూశాడు. ఎదురువైపు నుంచి వస్తున్న తెల్లకారు కూడా చూసి ఆగింది. దాని వెనక రెండు ఆటోలు, పాలక్యాన్ల మోటారుసైకిలు.

"ఎల్లండి బాబూ, దారి ఖాళీగానే ఉంది" అన్నాడు దాసు ఎదుటి కారు వాళ్లతో, చాలా మర్యాదగా.

"మీరే ముందు ఎల్లండి, మాకేటీ తొందర్లేదు" అంది తెల్లకారులోంచి ఒక పెద్దావిడ. జరీచీర, మోకాళ్ల మీద పళ్లెం, పళ్లెంలో పళ్లు. పేరు పైడితల్లి అని తర్వాత ఆవిడే చెప్పింది. "మేం మా మనవడికి పెల్లికి గుంటని సూడ్డానికి కె.కోటపాడు ఎల్తన్నాం. సుబమా అని ఎల్తా, మేం ముందు దాటతామేటి?"

"నా బండిలో యాభైమంది ఉన్నారు" అని బస్సు డ్రైవరు పైనుంచి అన్నాడు. "నానొక్కణ్ణయితే దాటీసేవోణ్ణి."

బస్సులోని యాభైమందీ అది సబబేనని ఒప్పుకున్నారు. ఆలస్యమవుతోందని గొణిగినవాళ్లు కూడా దిగి నడుద్దామని మాత్రం అనలేదు. పాలాయన ఒకడు "పాలు ఇరిగిపోతాయి" అని వాచీ చూసుకున్నాడు, మళ్లీ గీత ఉండాల్సిన చోటు చూశాడు, స్టాండు వేశాడు.

ఇంతలో దూరంగా ఒక సైకిలు కనిపించింది. తొక్కేవాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అతనికి ఏమీ తెలియదు. రోడ్డు మీద ఉన్న డెబ్భైమందీ ఊపిరి బిగబట్టి అతని వైపే చూశారు. ఎవరూ కదల్లేదు, ఎవరూ దగ్గలేదు. అతను దగ్గరికొచ్చాడు, ఇంత జనం తననే ఎందుకు చూస్తున్నారో అర్థంగాక బ్రేకు వేశాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోను తీసి "ఏటయ్యింది?" అన్నాడు. దాసు అబద్ధం చెప్పలేని మనిషి. సైకిలాయన విని, దిగి, సైకిలు పక్కకి పెట్టి అందరితోపాటు నిలబడ్డాడు.

లక్ష్మీసుందరికి అవతల గట్టుమీద చెరుకాకుల కింద ఎర్రని తోకచివర కనబడుతోంది. వాడు పారిపోలేదు. ఇంకాసేపు ఉంటే తోటలోకి వెళ్లిపోతాడు. ఇరవై ఎకరాల చెరుకులో పిల్లిని ఎవరూ వెతకలేరు. ఇంతమంది మనుషులు, ఇన్ని బండ్లు, ఎవరి శుభం వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మూర్తి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి వాచీ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాడు. ఆ మనిషిమీద జాలి వేసింది. పదకొండేళ్లు అని ఎలా అన్నాడో గుర్తొచ్చింది. ఈయనకి కుర్చీ పోకూడదు, తనకి రాయుడు పోకూడదు. రెండూ దక్కాలంటే దారి ఒకటే ఉంది.

ఆమె తలుపు తీసి దిగింది.

"సుందరీ" అన్నాడు మూర్తి.

ఆమె చెప్పులు సర్దుకుంది. కొంగు నడుముకి దోపింది. కారు ముందుకి నడిచి, వాడు దాటిన చోటే, ఎవరికీ అనుమానం మిగలకుండా, రోడ్డు మధ్యనుంచి నడుచుకుంటూ ఆ గీత దాటేసింది. బస్సు కిటికీల్లో తలలన్నీ ఒకేసారి తిరిగాయి.

"దాటీసిందిరా ఆయమ్మ" అన్నాడు దాసు, బీడీ పారేసి.

ఇక చూడాలి ఆ సంబరం. ఇంజన్లన్నీ ఒకేసారి లేచాయి. తెల్లకారు కదులుతుంటే పైడితల్లి కిటికీలోంచి చెయ్యెత్తి "నీ కడుపు సల్లగుండ తల్లీ" అని దీవించింది, కీడంతా ఆమెకు ఒప్పజెప్పి. ట్రాక్టరు వెళ్లింది. బస్సు వెళ్లింది. సైకిలాయన ఇయర్‌ఫోను మళ్లీ పెట్టుకున్నాడు. పిల్లిని పట్టుకుందామా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. రెండు నిమిషాల్లో రోడ్డుమీద వాళ్ల కారు తప్ప ఏమీ మిగల్లేదు.

లక్ష్మీసుందరి గట్టు పక్క తూమురాయి మీద కూర్చుంది. రాయుడు నాలుగడుగుల దూరంలో కూర్చుని, ఆమె ఎవరో తెలియనట్టు మొహం తిప్పుకున్నాడు. కారులోంచి సత్తిబాబు మాట వినబడింది. "మాస్టారూ, మనకింకేటీ బయం లేదండి. అమ్మగారు దాటీసేరు. అమ్మగార్ని ఎక్కించుకుని ఎలిపోదాం."

కారు తలుపు ధనామని పడింది. మూర్తి రోడ్డు దాటి వస్తున్నాడు. జాయినింగుకని ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా, చెమటకి వీపుకి అంటుకుపోయింది. వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. 

"ఎవరు దాటమన్నారు నిన్ను?"

"ఎవరో ఒకరు దాటాలి కదండీ. మీకు ప్రమోషను. వాళ్లకి పెళ్లిచూపులు. నాకే పనీ లేదు" అంది ఆమె తల దించుకుని. "మీరు వెళ్లిపోండి, సోమవారం చేరిపోండి. నేను వీణ్ణి పట్టుకుని రైలుకొస్తాను. మీకేం కాదు. వచ్చే కీడేదో నాకే కదా వస్తుంది."

"నీకొస్తే నాకు రానట్టా?"

అరిచినంత పని చేశాడు. రాయుడు కూడా తల తిప్పి చూశాడు.

"ఇరవై తొమ్మిదేళ్ల బట్టి ఈ రాహుకాలాలూ, వర్జ్యాలూ నాకోసమే చూస్తన్నాననుకున్నావా? కారులో ఒక్కణ్ణే కూచుంటానేటి నేను? ఆ పక్కన కూచునేదానికి ఏటవుతుందో అనే కదా చూసేది. నువ్వెళ్లి అందరి కీడూ నెత్తిమీద వేసుకుని, మీకేం కాదండీ అంటావు. మరి నేనెవర్ని నీకు?"

 పంచాంగం పట్టుకుని తనని ఇన్నేళ్లు విసిగించిన మనిషి, ప్రతి ప్రయాణానికీ గుమ్మంలో నిలబెట్టిన మనిషి, తనకోసం భయపడుతూ బతికాడని లక్ష్మీసుందరికి తట్టనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాస్త నవ్వు కూడా వచ్చింది. రెండూ కొంగులోనే తుడుచుకుంది.

మూర్తి ఇక ఆమె వైపు చూడలేదు. గట్టెక్కి రాయుడి దగ్గరికి వెళ్లాడు. పిల్లిని ఎత్తడం ఆయనకు అలవాటు లేదు. రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని పైకి లేపాడు. రాయుడు మణికట్టు నుంచి మోచేతి దాకా గీరేశాడు. తెల్లచొక్కా చేతి మీద ఎర్రని చారలు దిగాయి. మూర్తి పళ్లు బిగబట్టాడు గాని వదల్లేదు. "పద" అన్నాడు పెళ్లాంతో.

ముందు పిల్లితో ఆయన, వెనక ఆమె, రోడ్డుకి అడ్డంగా నడిచారు. అనకాపల్లి వైపు నుంచి ఇంకో బస్సు వస్తోంది. ఇటునుంచి ఉల్లిపాయల వ్యాను. పెద్దమనిషి ఒకాయన చంకలో పిల్లితో రోడ్డు దాటడం చూసి రెండు బళ్లూ కీచుమని ఆగాయి. బస్సు డ్రైవరు వ్యాను డ్రైవరుకి చెయ్యి ఊపి దారిచ్చాడు. వ్యాను డ్రైవరు అంతకంటే మర్యాదగా బస్సుకే దారిచ్చాడు. వెనక ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది.

మూర్తి ముందుసీట్లో కూర్చుని, రాయుణ్ణి ఒళ్లో పెట్టుకుని, అద్దం ఎత్తేశాడు. లక్ష్మీసుందరి వెనక ఎక్కి తలుపు వేసుకుంది. సత్తిబాబు స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదర బస్సును చూస్తూ ఉండిపోయాడు.

"పోనీ" అన్నాడు మూర్తి.

"మళ్లీ అడ్డమొచ్చీసింది గదండి. ఆ బస్సోడు దాటేక..."

"వాళ్లెవరూ దాటరు. మధ్యాహ్నందాకా ఇలాగే కూచుంటారు" అని మూర్తి గీరుకున్న చేతిని రుమాలుతో అదుముకున్నాడు. "మనమే ముందు పోదాం. పోనీ సత్తిబాబూ."

సత్తిబాబు ఆయన మొహం రెండుసార్లు చూసి గేరు వేశాడు. కారు కదిలి గీత దాటింది. దాని వెనక వ్యాను, ఎదర బస్సు, ఒకదాని తర్వాత ఒకటి బయల్దేరాయి.